‘జ్ఞా’ అను అక్షరమును, ఫోను మూర్ఛయు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాస పాఠము)



పుస్తకముల పండుగలో యంత్రముల ప్రసంగ మేల యని పెద్దలు కొందఱు శంకింపవచ్చును. ఆ శంక న్యాయమైనదే. కాని యీ ప్రసంగమునకు మూలము యంత్రము కాదు. ఒక తెలుగు అక్షరము. పలకపై గుణింతము దిద్దిన ప్రతి పిల్లవాడును ఎఱిగిన అక్షరమే. జకారమునకు దీర్ఘమిచ్చి, క్రింద ఞ వత్తు చేర్చినచో ‘జ్ఞా’ యగును. జ్ఞానము, జ్ఞాపకము, జ్ఞాతి, విజ్ఞానము, అజ్ఞానము – ఇన్ని మాటలకు ప్రాణమైన అక్షర మది. 2018వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున ఈ యక్షరము దేశదేశముల పత్రికల కెక్కినది. కీర్తివలన కాదు, అపకీర్తివలన. తెలుగు అక్షర మొకటి అమెరికావారి ఐఫోనును పడగొట్టుచున్నదని ఆ వార్తల సారాంశము. తెలుగువారు సైతము దానిని చదివి నవ్విరి. కొందఱు, మన అక్షరమున కంత బలమున్నదా యని మురిసిరి కూడను. నిజముగా దోష మెవరిదో విచారించినవారు కొద్దిమంది. ఆ విచారణ యెట్లు జరిగినదో, దోషి యెవడని తేలినదో చెప్పుటయే ఈ ప్రసంగము.

ముందు ఫోనులోని సంగతి కొంత తెలియవలెను. ఫోనునకుగాని కంప్యూటరునకుగాని లోపల ఒక మూలవ్యవస్థ యుండును. దానిని ఆపరేటింగ్ సిస్టమందురు. తెరపై అక్షరము కనబడవలెనన్నను, ఒక ఫోటో దాచుకొనవలెనన్నను, గంట మ్రోగవలెనన్నను, అన్నియు దాని చేతిమీదుగానే జరుగవలెను. పూర్వము గ్రామమున కరణ మెట్టివాడో యంత్రమున నిది యట్టిది. ఏ చేను ఎవరిది, ఏ పన్ను ఎంత బాకీ యున్నది, ఏ కాగితము ఏ పెట్టెలో నున్నది – అన్నియు నాతనికే తెలియును. 1984లో ప్రభుత్వము కరణము, మునసబు పదవులను రద్దుచేసిన తరువాత కొంతకాలము అడంగలు కొఱకు, నకలు కొఱకు జనులు ఎవరి గుమ్మమెక్కవలెనో తెలియక తిరిగిన సంగతి సభలోని పెద్దలకు జ్ఞాపక ముండును. ఆ మార్పు మంచిదా కాదా అను చర్చ యిక్కడ వలదు. మూలవ్యవస్థ మారినప్పుడు, పైకి సంబంధము లేనట్లు కనబడు పనులు కూడ తడబడునని చెప్పుటకే ఆ ప్రస్తావన. నేడు ఈ మూలవ్యవస్థ లేని వస్తువు అరుదు. పెనుకొండ మండలము ఎర్రమంచివద్ద 2019 నుండి తయారగుచున్న కియా కార్లలో సైతము సాఫ్ట్‌వేరు పని చేయుచునే యున్నది.

ఆపిల్ కంపెనీవారు 2017 సెప్టెంబరు 19వ తేదీన తమ ఫోనుల మూలవ్యవస్థకు పదునొకండవ కూర్పు విడుదల చేసిరి. దాని పేరు ఐఓఎస్ 11. ప్రపంచమందు కోట్లకొలది జనులు తమ ఫోనులలో దానిని ఎక్కించుకొనిరి. ఆ పిమ్మట చిన్న చిన్న సవరణలు వచ్చుచు, 2018 ఫిబ్రవరి నాటికి 11.2.5 అను కూర్పు వాడుకలో నుండెను. అప్పుడు బయటపడినది ఈ వింత. పై యక్షరముతో కూడిన ఒకానొక మెసేజి ఫోనునకు వచ్చినచో ఆ మెసేజిల పుట తెఱచుకొనదు. తెఱచిన వెంటనే మూతపడును. వాట్సాపులోను అంతే, ఫేసుబుక్కు మెసెంజరులోను అంతే, జీమెయిలులోను అంతే. కొన్నిటిలో మాత్రము ఏమియు కాలేదు. టెలిగ్రాము, స్కైపు అను వానికి ఈ బాధ తగులలేదు. అన్నిటికంటె కష్టమైన దేమనగా, ఆ మెసేజి ముఖపత్రముమీద సూచనగా కనబడినచో ఫోను మొత్తమే మూర్ఛపోవును. మూర్ఛ తేఱి కన్ను తెఱచును, తెఱచిన కన్నుకు మరల అదే యక్షరము కనబడును, మరల మూర్ఛ. ఇట్లు రోజంతయు పడుచు లేచుచు ఉండు ఫోను ఇంటివారి చేతిలో నుండగా వారేమి చేయగలరు? ఆపిల్ వారి కంప్యూటర్లకును ఈ వ్యాధియే తగిలెను. ఆకతాయిలు దీనిని కనిపెట్టి ఇతరులకు పంపి వినోదించిరి.

ఇందులో మఱియొక విచిత్ర మున్నది. 2017లో ఐఫోనులలో ఒక రకమును, అనగా ఐఫోను ఎస్.ఇ. అనుదానిని, విస్ట్రాన్ అను సంస్థ బెంగుళూరులో కూర్చుట ప్రారంభించెను. పెనుకొండనుండి ప్రొద్దున రైలెక్కిన, మధ్యాహ్న భోజనమునకు చేరుకొను ఊరది. తెలుగువారు లక్షలకొలది కాపురమున్న నగరము. అచ్చట కూర్చబడు ఫోను తెలుగక్షరము చూచి మూర్ఛపోయెనన్నచో, కూర్చిన చేతులకును లోపలి బుద్ధికిని ఎంత దూరమున్నదో ఊహించుకొనవచ్చును.

పత్రికలు నిందను అక్షరముమీదనే మోపినవి. ప్రాణాంతకమైన అక్షరమని, ఫోనును చంపు అక్షరమని పేర్లు పెట్టినవి. ఇది యెట్లున్నదనగా, పెండ్లికి వచ్చిన చుట్టము కూర్చున్నంతనే పీట విరిగినచో, చుట్టమును నిందించినట్లున్నది. పీట చేసిన వడ్రంగిని ఎవ్వరు నడుగరు.

అట్లు కాక, నిదానముగా అడిగినవారు కొందఱుండిరి. వారి విధానమును గ్రహించుటకు కడపలో దాదాపు రెండువందల యేండ్లక్రిందట జరిగిన పనిని తలచుకొనుట మంచిది. 1820లో చార్లెస్ ఫిలిప్ బ్రౌను కడపకు ఉద్యోగమునకు వచ్చెను. తెలుగు కావ్యములు తాళపత్రములమీద చెదలు తినుచుండగా చూచి, పండితులకు జీతమిచ్చి పెట్టుకొని, ఒక్కొక్క గ్రంథమునకు దొరకినన్ని వ్రాతప్రతులు తెప్పించి, ప్రక్కప్రక్కన పెట్టి పోల్పించెను. వేమన పద్యములను 1829లో అచ్చువేయించినది ఆయనయే. ఈ పోలికయం దొక రహస్య మున్నది. ఒక ప్రతిలో పద్యము గణము తప్పినది. కవి తప్పెనా, లేఖకుడు తప్పెనా? ఒక్క ప్రతినే పట్టుకొని యెంత తల బ్రద్దలుకొట్టుకొన్నను తెలియదు. పాత ప్రతి తెచ్చి ప్రక్కన పెట్టినంతనే, తప్పు ఏ నకలులో ప్రవేశించినదో కనబడును. పాతదానిలో సరిగా నుండి, క్రొత్తదానిలో చెడినచో, ఆ రెంటి నడుమ కలము పట్టినవాడే బాధ్యుడు. కవి నిర్దోషి.

ఫోనునకు సరిగా నిట్లే చేసిరి. పదవ కూర్పు గల పాత ఫోనుకు అదే మెసేజి పంపి చూచిరి. ఏమియు కాలేదు. 11.2.5 గల ఫోనుకు పంపిరి. పడిపోయెను. అప్పటికి పరీక్షార్థము కొందఱి కిచ్చిన 11.3 అను రాబోవు కూర్పునకు పంపిరి. పడలేదు. కావున దోషము పాతదానిలో లేదు, రాబోవుదానిలో లేదు. నడుమ వచ్చినదానిలో నున్నది. కంపెనీవారికి ఆ సంగతి లోలోపల అప్పటికే తెలిసి యుండవచ్చును. లేదా వేఱొక పని చేయుచుండగా యాదృచ్ఛికముగా సరిపడి యుండవచ్చును. ఏదియైనను, అక్షరము మాఱలేదు. మూడు ఫోనులకును పోయినది ఒకే యక్షరము. మాఱినది మూలవ్యవస్థ. ఈ యొక్క పోలికతోనే తెలుగక్షరము సగము నిర్దోషి యని తేలినది.

మిగిలిన సగము తేల్చుటకు రెండవ ప్రశ్న వేసిరి. పడగొట్టుచున్నది అక్షరమంతయునా, దానిలో నొక భాగమా? ఇక్కడ కొంత ఓపిక కావలెను. విషయము సూక్ష్మమైనది గాని కఠినమైనది కాదు. గుణింతము వచ్చినవారికందఱకు తెలియదగినదే.

కంప్యూటరులలో ప్రపంచభాషల అక్షరముల కన్నిటికి అంకె లేర్పఱచిన పట్టిక యొకటి కలదు. దానిని యూనికోడందురు. 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగునకు 128 గదులు కేటాయింపబడినవి. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, అంకెలు అన్నియు అందులోనే సర్దుకొనవలెను. ఈ గదులలో వత్తులకు చోటు లేదు. కాబట్టి ఒక ఏర్పాటు చేసిరి. జ వ్రాసి, పొల్లు వ్రాసి, ఞ వ్రాసినచో ఆ మూటిని కలిపి ‘జ్ఞ’ అని యంత్రము తానే చూపవలెను. పొల్లు తరువాత వచ్చిన హల్లు వత్తగునని సూత్రము. సంస్కృత వ్యాకరణ మెఱిగినవారి కిది క్రొత్త కాదు. హలంతముమీద హల్లు వచ్చినచో సంయుక్తాక్షరమే గదా! ఆ పిమ్మట దీర్ఘము వ్రాసినచో ‘జ్ఞా’ పూర్తియగును. అనగా జ, పొల్లు, ఞ, దీర్ఘము – నాలుగు అంకెలు, ఒక్క రూపము.

ఇక చూచుడు. చెవికి వినబడు వరుసలో దీర్ఘము చివర నున్నది. కంటికి కనబడు వరుసలో నట్లు కాదు. పిల్లవాడు పలకమీద వ్రాయునప్పుడు దీర్ఘమును పైన జకారమునకు తగిలించి, ఞను క్రింద వత్తుగా పెట్టును. కావున యంత్రము చివర వచ్చిన దీర్ఘమును పట్టుకొని, నడుమనున్న వత్తును దాటించి, మొదటి హల్లునకు చేర్పవలెను. వెనుకటి అచ్చుకూటములలో కంపోజిటరు ఒక గడిలోనుండి ‘జా’ను తీసి, మఱియొక గడిలోనుండి ఞ వత్తును తీసి క్రింద అమర్చెడివాడు. వాని వ్రేళ్ళకు కన్ను సాయము. యంత్రమునకు కన్ను లేదు. అంకెల వరుస యొక్కటే దిక్కు. ఇంగ్లీషు అక్షరములు ఒకదాని ప్రక్క నొకటి బారులు తీరి నిలుచును కనుక వానికి ఈ చిక్కు లేదు. తెలుగు, దేవనాగరి, బెంగాలీ వంటి లిపులకు అడుగడుగున నిట్టి ముందువెనుకల లెక్క కావలెను.

అయినను, ఈ నాలుగు అంకెల ‘జ్ఞా’ ఏ ఫోనును పడగొట్టలేదు! ఇదియే ముఖ్యమైన సంగతి. ఆ నెలలలో తెలుగువారు వేలకొలది మెసేజిలలో జ్ఞానమని, జ్ఞాపకమని వ్రాసికొనుచునే యుండిరి. వారి ఐఫోనులు సుఖముగా నుండెను. పడగొట్టినదానిలో అయిదవ దొకటి యున్నది. అది కంటికి కనబడని గుర్తు.

యూనికోడులో కొన్ని అదృశ్యపు గుర్తులున్నవి. వానిలో నొకదాని పని రెండక్షరములు అతుకుకొనకుండ అడ్డు నిలుచుట. దానికి వెడల్పు లేదు, రూపము లేదు. తెలుగునకు దానితో చాల అవసర మున్నది. ‘సాఫ్ట్‌వేరు’ అను మాటనే తీసికొనుడు. ట పొల్లు తరువాత వ వచ్చినది కనుక, సూత్రము ప్రకారము వకారము వత్తయి ట క్రింద వ్రేలాడవలెను. అప్పుడు ‘సాఫ్ట్వేరు’ అగును. అట్లు కాకుండ ఆ నడుమ ఈ యదృశ్యపు కావలివానిని నిలిపినచో వకారము విడిగా నిలుచును. ఇది వాని న్యాయమైన చోటు. పైన చెప్పిన దుష్ట మెసేజిలో మాత్రము ఈ కావలివాడు ఞకును దీర్ఘమునకును నడుమ నిలిచెను. అచ్చట వానికి పని లేదు. సామాన్యముగా నెవ్వరును వానిని అక్కడ నిలుపరు. తెరపై చూచుటకు ‘జ్ఞా’యే. లోపల మాత్రము అయిదంకెలు.

అప్పుడేమి జరిగెను? మొదటి హల్లునకు చేర్పవలసిన దీర్ఘమును తెచ్చుటకు బయలుదేఱిన యంత్రము, దారిలో ఊహింపని కావలివాని నెదుర్కొని, లెక్క తప్పినదని తంత్రజ్ఞులు ఊహించిరి. లెక్క తప్పి, తనది కాని గదిలో చేయి పెట్టెను. కంపెనీవారు తరువాత ఒప్పుకొన్నది కూడ, స్మృతిస్థానములలో కలత యేర్పడినదనియు, లోనికి వచ్చు వ్రాతను మఱింత జాగ్రత్తగా పరీక్షించి దానిని సరిదిద్దితిమనియు. అదే విధమైన కూర్పుతో బెంగాలీ, దేవనాగరి అక్షరములను పంపి చూచినప్పుడు వానికిని ఫోను పడినది. తెలుగులో జ్ఞా యొక్కటే కాదు, ఇతర సంయుక్తాక్షరములును ఆ చోట అడ్డు నిలిపినచో పడగొట్టినవి. కావున ఇది ఒక యక్షరపు పాపము కానేకాదు. జ్ఞా దొరకినది గనుక జ్ఞా పేరు పడినది.

ఇంతయు తేల్చుటకు అవసరమైనవి రెండే పనులని గమనింపుడు. ఒకటి, ఏది మాఱినదో చూచుట. రెండవది, ఒక్కొక్కటి తీసివేయుచు, ఏది తీసినప్పుడు బాధ పోవునో చూచుట. వైద్యుడు పథ్యము పెట్టునప్పుడు చేయునదియు నిదియే; అన్నియు నొక్కమాఱు మానిపించినచో రోగము పోవును గాని కారణము తెలియదు. జమాఖర్చు కుదరని చిట్టాలో తప్పు వెదకువాడు సైతము మొత్తము చిట్టాను తిరుగవ్రాయడు. సరిపోయిన నెల ఏదో చూచుకొని, అక్కడనుండి ముందునకు వచ్చును.

ఆపిల్ వారు 2018 ఫిబ్రవరి 19వ తేదీన 11.2.6 అను సవరణ విడుదల చేసి ఈ దోషమును తొలగించిరి. ఆలోపల పడినవారి పాట్లు వేఱు. వేఱొకరిచేత ఒక మామూలు మెసేజి పంపించుకొని, ఆ సందున లోపలికి పోయి దుష్ట మెసేజి ఉన్న సంభాషణను తుడిచివేయుట ఒక యుపాయము. పరీక్షార్థపు కూర్పును ముందుగా నెక్కించుకొనుట మఱియొక యుపాయము. ఏదియు సాగనివారు ఫోనును పూర్తిగా తుడిచి క్రొత్తగా ప్రారంభింపవలసివచ్చినది. వేఱొకచోట నకలు, అనగా బ్యాకప్పు, ఉంచుకొన్నవారికి అన్నియు తిరిగివచ్చును. లేనివారికి బిడ్డల ఫోటోలతోసహా పోవును.

ఇట్టిది మొదటిది కాదు, చివరిది కాదు. 2015 మే నెలలో ఐఫోనులను పడగొట్టిన మెసేజిలో అరబ్బీ, దేవనాగరి, చీనా అక్షరములు కలిసియున్నవి. 2020 ఏప్రిలులో పడగొట్టినదానిలో సింధీ అక్షరములు, ఇటలీ దేశపు జెండా బొమ్మ. ఈ మూడు సందర్భములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక సంగతి తోచును. ప్రతిసారియు నింద పడినది, యంత్రమును తయారుచేయు దేశములో తక్కువగా చదువబడు లిపులమీదనే. ఇంగ్లీషు అక్షరమును ప్రతి కూర్పులోను వేలమంది వేలసారులు పరీక్షింతురు. తప్పున్నచో విడుదలకు ముందే పట్టుబడును. తెలుగును ఎందఱు పరీక్షింతురు? ఎనిమిదికోట్లకు పైబడి జనులు మాటలాడు భాష యైనను, ఇంగ్లీషులో ఫోను వాడుట నాగరికమని తెలుగువాడే తలచినచో, తెలుగున నున్న తప్పులు తెలుగువాని కంటబడవు. ఇటలీలోని పత్రికవాని కంటబడును. తెలుగులో వ్రాసి, తెలుగులో చదివి, తప్పు కనబడినప్పుడు కంపెనీకి తెలియజేయువారు లేక, యూనికోడులో 128 గదులున్నను ఇల్లు నిండదు.

అక్షరముతో సంబంధము లేని మఱియొక ఉదంతమును చెప్పక తప్పదు. 2024 జూలై 19, శుక్రవారము. ప్రొద్దున దాదాపు తొమ్మిదిన్నర దాటిన పిమ్మట హైదరాబాదు విమానాశ్రయముతోబాటు దేశమందలి పెక్కు విమానాశ్రయములలో కంప్యూటరు తెరలు నీలిరంగుగా మాఱి నిలిచిపోయినవి. బోర్డింగు పాసులను సిబ్బంది కలముతో వ్రాసి యిచ్చిరి. ముత్యములవంటి దస్తూరితో వ్రాసిన అట్టి పాసు ఫోటో నొక ప్రయాణికుడు హైదరాబాదునుండి లోకమునకు పంపగా, దానిని చూడనివారు లేరు. ప్రపంచమున 85 లక్షల విండోసు కంప్యూటర్లు ఆ దినమున పడిపోయినట్లు మైక్రోసాఫ్టువారు లెక్క చెప్పిరి. వింత యేమనగా, విండోసులో నాడు ఏ మార్పును జరుగలేదు. క్రౌడ్‌స్ట్రైక్ అను సంస్థ, దొంగలు చొరబడకుండ కాపలాకాయు తన సాఫ్ట్‌వేరునకు ఒక చిన్న ఫైలు పంపెను. కాపలావాడు మూలవ్యవస్థ గర్భములోనే కూర్చుండువాడు కనుక, వాడు పడగా ఇల్లే పడినది.

కారణము విన్నచో లెక్కలు వ్రాయువారు ఆశ్చర్యపోవరు. పట్టికలో 21 గడులున్నవని ఒకచోట వ్రాసియున్నది. గడులు నింపి తెచ్చు గుమాస్తా మాత్రము 20 గడులే నింపి తెచ్చుచుండెను. అంతవఱకు ఇరువదియొకటవ గడిలో ఏమున్నను సరేయని ఆదేశ ముండెను గనుక ఎవ్వరును దానిని తెఱచి చూడలేదు. పరీక్షలన్నియు నెగ్గినవి. ఆనాటి ఫైలు మొదటిమాఱు ఆ గడిని కూడ చూడుమని చెప్పెను. కాపలావాడు చూడబోయెను. గడి లేదు. పుట దాటి పోయి, తనది కాని తావున కాలుపెట్టెను. ‘జ్ఞా’ కథలో జరిగినదియు దాదాపు నిదియే. తనది కాని గదిలో చేయి. ఆ సంస్థవారు 78 నిమిషములలో ఫైలును వెనుకకు తీసికొనిరి. కాని అప్పటికే పడిన యంత్రము, లేచి క్రొత్త ఫైలు తెచ్చుకొనుటకు లేవనే లేవదు. కావున మనుష్యుడు ఒక్కొక్క యంత్రమువద్దకు నడచిపోయి, దానిని సేఫ్ మోడులో, అనగా అత్యవసరమైన పనివారిని మాత్రమే పిలిచి ఇల్లు తెఱచు పద్ధతిలో, మేలుకొలిపి, ఆ యొక్క ఫైలును తొలగింపవలసివచ్చినది. నిమిషములలో చెడినది బాగగుటకు దినములు పట్టినది.

విండోసు ప్రస్తావన వచ్చినది కనుక ఒక మాట. మైక్రోసాఫ్టునకు 2014 ఫిబ్రవరి 4న ప్రధానాధికారియైన సత్య నాదెళ్లగారి తండ్రి, ఐ.ఏ.ఎస్. అధికారిగా పేరొందిన యుగంధరుగారు, అనంతపురము జిల్లా బుక్కాపురమునకు చెందినవారు. ఇక్కడనుండి ఎంతో దూరము కాదు. ఇది గర్వకారణమే. అయినను విండోసు చెడినప్పుడు ఆ చుట్టఱికము పనికిరాదు, బ్యాకప్పే పనికివచ్చును.

ఆ సంస్థవారు విండోసు 10 అను కూర్పునకు ఉచిత సవరణలు ఇచ్చుటను 2025 అక్టోబరు 14తో సామాన్యముగా ముగించిరి. అందుచేత ఆఫీసులలో, దుకాణములలో, గ్రంథాలయములలో పాత కంప్యూటరులను పదునొకండవ కూర్పునకు మార్చువారు పెక్కురు. మార్చిన పిమ్మట యంత్రము మాటిమాటికి ఆగిపోవుటయు పలుచోట్ల జరుగుచుండును. అప్పుడు జనులు సాధారణముగా చేయు పని, తిట్టుచు మీటను నొక్కి ఆర్పి మరల వెలిగించుట. ఒకటి రెండుసారులు అది మంచిదే. తరువాత చేయవలసినది వేఱు. మూలవ్యవస్థ మారినదినము ఏది? దానితోబాటు మఱేమైనను క్రొత్తగా చేర్చితిమా? పాత ప్రింటరునకు పాత కాలపు డ్రైవరు, అనగా ఆ యంత్రమును నడపు చిన్న సాఫ్ట్‌వేరు, అట్లే యున్నదా? సేఫ్ మోడులో తెఱచినప్పుడు కూడ ఆగుచున్నదా? అచ్చట ఆగనిచో దోషము మూలవ్యవస్థలో కాదు, దానిని ఆశ్రయించి వచ్చినవారిలో నున్నదని అనుకొనవచ్చును. అప్పుడు చివర చేరినదానిని మొదట తీసివేయవలెను. ఒకదానిని తీసి, ఒకదినము చూచి, కాగితముమీద వ్రాసికొని, తరువాత రెండవదానిని తీయవలెను. అన్నియు సరిగా నున్నను ఆగుచున్నచో, యంత్రములోని స్మృతిఫలకమో, డిస్కో పాతబడి, క్రొత్త బరువు మోయలేకపోవుచుండవచ్చును. పాత ఎద్దునకు క్రొత్త బండి కట్టినట్లు. పది రోజులలోపల నైనచో విండోసు 11 తానుగా వెనుకటి కూర్పునకు మరలు మార్గమును సామాన్యముగా ఉంచును. ఆ గడువు దాటినచో అంతయు తుడిచి తిరిగి ఎక్కింపవలసి వచ్చును. ఆ గడువు సంగతి చాలమందికి పదునొకండవ దినమున తెలియును.

నాలుగు యంత్రములున్న చోట నాలుగింటిని ఒకే సాయంకాలము మార్చువారు సాహసికులు. ఒకదానిని మార్చి వారము చూచి, మిగిలినవానిని ముట్టుట పద్ధతి. క్రొత్త విత్తనమును ఎకరమంతయు చల్లక ఒక మడిలో వేసి చూచు రైతునకు ఎవరును దీనిని నేర్పవలసిన పని లేదు. పెద్ద పెద్ద సంస్థలకే, 2024 జూలై తరువాత, ఈ మాట క్రొత్తగా బోధపడినది. క్రౌడ్‌స్ట్రైక్ వారు అటుపిమ్మట తమ ఫైలులను కొద్దికొద్దిగా, విడతలు విడతలుగా పంపెదమని ప్రకటించిరి.

ఇక ఈ గ్రంథాలయమునకు సంబంధించిన మాట. పుస్తకముల పట్టికను కంప్యూటరులో నెక్కింపవలెనని కార్యవర్గము తలచుచున్నదని వినికిడి. తలంపు మంచిది. పట్టికను ఇంగ్లీషక్షరములలో కాక తెలుగక్షరములలోనే ఎక్కింపవలెను. ఎక్కింపబోవు పేరులలో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ వంటి పేరు తప్పక యుండును. అందులో ఆ యక్షర మున్నది. దానిని టైపు చేసిన పిమ్మట తెరమీద ఒకసారి, ముద్రించిన కాగితముమీద ఒకసారి, ఒక చందాదారుని ఫోనులో ఒకసారి చూచుకొనవలెను. వత్తు వత్తు స్థానమున, దీర్ఘము దీర్ఘము స్థానమున నున్నవా లేవా? వెదకుబడిలో ‘విజ్ఞాన’ అని కొట్టినచో పుస్తకము దొరకుచున్నదా? కంటికి ఒకటిగా కనబడు రెండు మాటలు, లోపల అదృశ్యపు గుర్తు చేరినచో, యంత్రమునకు వేఱువేఱు మాటలు. వెదకినప్పుడు ఒకటి దొరకి, రెండవది దొరకదు. పాఠకుడు పుస్తకము లేదనుకొని యింటికి పోవును. ఫోను పడిపోయినచో లోకమునకు తెలియును గాని, ఇట్లు దొరకకపోయిన పుస్తకము సంగతి ఎవ్వరికిని తెలియదు.

పట్టిక నకలును నెలకొకమాఱు వేఱొక డిస్కుమీద తీసి, ఆ డిస్కును గ్రంథాలయములో కాక కార్యదర్శి యింట నుంచుట మేలు. ఇరువదియైదేండ్లుగా చేతితో వ్రాయుచు వచ్చిన రిజిస్టరును, కంప్యూటరు వచ్చినదిగదా యని అటకమీద వేయకుండ, బీరువాలో పై అఱను ఖాళీచేయించి అందులో నుంచవలెనని కార్యవర్గమువారికి విన్నపము.